పెద్దవాళ్ళలో ఆటిజం: అనంతపురం వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఇవి అనంతపురంలో మా కౌన్సెలింగ్ గదిలో రోజూ వినబడే ప్రశ్నలు. కొన్ని కర్నూలు, కడప నుంచి ఫోన్లో వచ్చినవి. అడిగేవాళ్ళు ఎక్కువగా మూడు రకాలు. ముప్పై దాటిన కొడుకును వెంటబెట్టుకుని వచ్చే అమ్మలు, పెళ్ళయిన రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చే భార్యలు, రాత్రిపూట ఫోన్లో ఏదో వీడియో చూసి "ఇదంతా నా గురించే చెప్తున్నట్టుందే" అనుకుని ఒంటరిగా వచ్చేవాళ్ళు. మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. ఇది చదివేసి పక్కింటాయనకు ముద్ర వేయొద్దు. నిర్ధారణ అనేది ఎదురుగా కూర్చుని, తీరిగ్గా చేయాల్సిన పని.

ఆటిజం చిన్నపిల్లలకు కదా వచ్చేది? నలభై ఏళ్ళ మనిషికి ఎట్లా వస్తుంది?

నలభైలో రాదు. మనుషులతో కలిసే తీరులో, అలవాట్లలో, ఇంద్రియాల్లో ఉండే తేడానే ఆటిజం అంటాం. అది పుట్టుకతోనే ఉంటుంది, నలభైలో బయటపడుతుంది. పిల్లల జబ్బు అనే పేరు పడటానికి వెనక కథ ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాడు. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ పుస్తకంలోకి ఎక్కినప్పుడు కూడా దానికి పెట్టిన పేరు శైశవ ఆటిజమే. మాటలు బాగా వచ్చి, చదువు అబ్బినవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఇంగ్లండులో లోర్నా వింగ్ 1981లో రాసింది. ఆస్పెర్గర్ పేరుతో అది 1994లో పుస్తకానికెక్కింది. 2013లో అన్నిటినీ కలిపేసి ఆటిజం స్పెక్ట్రం, అంటే రకరకాల స్థాయిల్లో ఉండే ఒకే ఆటిజం, అన్నారు. అంటే 1985లో ఉరవకొండలోనో పులివెందులలోనో బడికి పోయి, లెక్కల్లో తొంభై తెచ్చుకుని, ఆటల పీరియడ్‌లో వేపచెట్టు కింద ఒక్కడే కూర్చున్న పిల్లవాడికి పేరు పెట్టే పుస్తకమే అప్పటికి లేదు.

కానర్ చూసిన ఆ పదకొండు మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. పెద్దయ్యాక బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇది చాలా అరుదట కదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ సగటునే పట్టుకుంటే మూడు వేల జనాభా ఉన్న పల్లెలో ఇరవై మందికి పైనే ఉండాలి. ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఆటిజం ఉన్నవాడు ఒక్కడూ లేడంటారు. "తిక్కోడు", "పొగరుబోతు", "మాటామంతీ లేని మనిషి" ఎంతమంది ఉన్నారని అడిగితే వేళ్ళు మడుస్తారు. వాళ్ళందరికీ ఆటిజం ఉందని కాదు. ఉన్నవాళ్ళు మాత్రం ఆ పేర్ల వెనకే ఉంటారు.

మరి ఇన్నేళ్ళూ ఇంట్లోవాళ్ళకే ఎందుకు తెలియలేదు?

అందరికన్నా ఎక్కువసేపు నేను మాట్లాడేది ఈ ప్రశ్న దగ్గరే. మన ఊళ్ళలో ఉమ్మడి ఇల్లు, తరాలుగా వస్తున్న పని, మారని రోజువారీ క్రమం ఇలాంటి మనిషిని తెలియకుండానే మోసుకొచ్చాయి. పందిరి ఉన్నంత కాలం తీగ నిలబడే ఉంటుంది. నాన్న చనిపోవడం, అన్నదమ్ములు వేరుపడటం, పెళ్ళి, బదిలీ, ప్రమోషన్, బెంగళూరులో ఉద్యోగం, వీటిలో ఏదో ఒకటి పందిరిని కదిలిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "ఉన్నట్టుండి ఇట్లా అయిపోయినాడు" అంటారు.

ధర్మవరంలో పట్టుచీరల కొట్టు ఉన్న ఇంటి మనిషి ఒకాయన వచ్చాడు. ఇరవై ఏళ్ళ పాటు ఆయన పని చీరలు మడత పెట్టడం, అట్టల మీద ధర రాయడం, సాయంత్రం స్టాకు సరిచూడటం. ఒక్క చీర వరస తప్పితే ఎక్కడిదో చెప్పేవాడు. కొనేవాళ్ళతో మాట్లాడేది మాత్రం వాళ్ళ నాయన. నాయన పోయాక గల్లాపెట్టె దగ్గర ఈయనను కూర్చోబెట్టారు. ఎవరైనా "ఇంకొంచెం తగ్గించన్నా" అంటే "ధర అట్ట మీద ఉంది" అనేవాడు. మళ్ళీ అడిగితే అదే మాట, అదే గొంతుతో. మూడోసారి అడిగితే లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడు. తమ్ముళ్ళు పొగరనుకున్నారు. అమ్మ దిగులనుకుంది. ఎవరో మెదడులో గడ్డ ఉందేమో చూపించమన్నారు, స్కాన్ కూడా తీయించారు. ఆయన చిన్నప్పుడు బొమ్మలతో ఎట్లా ఆడేవాడని అడిగితే వాళ్ళమ్మ నవ్వింది. "ఆడేదేంది సార్, వరసగా పెట్టి చూసుకునేటోడు. ఒకటి కదిపితే ఇల్లు పీకి పందిరేసేటోడు" అంది. జవాబు ఆ మాటలోనే ఉంది.

ఏమేం చూసి అనుమానించాలి?

డాక్టర్లు రెండు వైపులా చూస్తారు. ఒకటి మనుషులతో ఇచ్చిపుచ్చుకునే తీరు, రెండోది పట్టుదలగా ఒకే దారిలో నడిచే అలవాట్లు, ఇంద్రియాల తేడాలు. రెండూ ఉండాలి, చిన్నప్పటి నుంచీ ఉండాలి, వాటివల్ల బతుకులో ఎక్కడో ఒకచోట ఇబ్బంది ఉండాలి.

మొదటి దానికి మన వీధిలోనే ఉదాహరణలు దొరుకుతాయి. ఎదురుపడ్డ మనిషి "ఏమప్పా, యాడికి పోతాండావ్?" అంటే అది పలకరింపు. ఇట్లాంటి మనిషి నిలబడి ఎక్కడికి, ఎందుకు, ఏ బస్సుకు అన్నీ చెప్తాడు, లేకపోతే "నీకెందుకు?" అని నిజంగానే అడుగుతాడు. బంధువుల ఇంట్లో "తిని పోదువులే" అంటే అది మర్యాదకా, నిజంగా పిలుపా తేల్చుకోలేడు. ఆఫీసులో గుమాస్తా "రేపు రా" అంటే మరుసటి రోజు గేటు తీయకముందే అక్కడ ఉంటాడు. ఎగతాళి అందదు, అందరూ నవ్వాక నవ్వుతాడు. లేదా తనకిష్టమైన విషయం, రైళ్ళ వేళలో, పాత నాణేలో, వేరుశనగ రకాలో, మొదలుపెడితే ఎదుటివాడు రెండుసార్లు గడియారం చూసినా ఆపడు. చావింట్లో ఏం మాట్లాడాలో తెలియక బోరు లోతు గురించి మాట్లాడతాడు.

రెండో దానికి: రోజూ అదే గ్లాసు, అదే దారి, అదే టిఫిన్. ఉగ్గానిలో ఉల్లిపాయ ముక్క పెద్దదయితే పళ్ళెం పక్కకు. ఇంట్లో సోఫా జరిపితే రాత్రి నిద్రపట్టదు. కూర్చున్నచోట ముందుకూ వెనక్కూ ఊగడం, వేళ్ళు తిప్పుకోవడం, కాళ్ళు ఊపడం. కాళ్ళు ఊపితే దరిద్రమని జేజి కొట్టీ కొట్టీ మాన్పించి ఉంటుంది. అప్పుడు అది జేబులో తాళంచెవి తిప్పడంగా మారి ఉంటుంది, కాబట్టి జేబులో చెయ్యి కూడా చూడండి.

వీటిలో ఒకటో రెండో అందరికీ ఉంటాయి. నాకూ ఉన్నాయి. మొత్తం కలిసి ఒక బతుకంతా ఉండటమే తేడా.

కళ్ళలోకి చూసి మాట్లాడకపోతే ఆటిజమేనా?

దీన్ని మన దగ్గర పెద్ద ఆధారంగా తీసుకోకూడదు. పెద్దల ముందు తల దించుకోవడం మనకు మర్యాద, ఆడపిల్లకయితే మరీ. నేను అడిగేది వేరే: సొంత తమ్ముడితో, చిన్ననాటి స్నేహితుడితో మాట్లాడేటప్పుడు కూడా అట్లాగేనా? కొందరు అందరి కళ్ళలోకీ చూస్తారు, కానీ రెప్ప వేయకుండా చూస్తారు. ఎంతసేపు చూడాలో లోపల లెక్కపెట్టుకుంటున్నామని తర్వాత వాళ్ళే చెప్తారు.

జాతరకు, పెళ్ళికి రమ్మంటే ఎందుకంత గొడవ?

శబ్దం, వెలుతురు, వాసన, తాకిడి కొందరికి మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయి. కొందరికి తక్కువగా, చెయ్యి కాలినా వెంటనే తెలియనంతగా. పీర్ల పండగ తప్పెట్లు, వినాయకుడి నిమజ్జనంలో డీజే బాక్సులు, కొత్త చొక్కా కాలరు వెనక లేబుల్, బస్సులో పక్కవాడి తలనూనె, ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. భరించీ భరించీ ఒక దశలో కట్ట తెగుతుంది: అరుపులు, తల బాదుకోవడం, వస్తువులు విసరడం. ఇంకొందరికి దీనికి ఎదురు జరుగుతుంది. నోట మాట రాదు, పిలిస్తే పలకరు, గంటలకొద్దీ పడుకుని ఉంటారు. మొదటిదాన్ని కోపమనీ, రెండోదాన్ని నటన అనీ ఇళ్ళలో అంటుంటారు. ఆ సమయంలో ప్రశ్నలు వేయొద్దు, నచ్చచెప్పొద్దు, చుట్టూ మూగొద్దు. చీకటి గది, ఫ్యాను, నీళ్ళు, ఒంటరితనం చాలు. మాటలు తర్వాత.

వీళ్ళకు ప్రేమ, జాలి ఉండవని విన్నాను.

తప్పు విన్నారు. చూపించే పద్ధతి వేరు. అమ్మకు జ్వరమొస్తే పక్కన కూర్చుని తల నిమరడు, కానీ మాత్ర వేళలు కాగితం మీద రాసి గోడకు అంటిస్తాడు, ఒక్కటీ తప్పనివ్వడు. 2012లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిజం ఉన్న మనిషే, ఒక మాట చెప్పాడు: అర్థంకాకపోవడం రెండు వైపులా ఉంది. వాళ్ళకు మనం ఎంత అర్థం కామో మనకూ వాళ్ళు అంతే అర్థం కారు. మనం ఎక్కువమందిమి కాబట్టి లోపం వాళ్ళదని తేల్చేశాం.

ఆడవాళ్ళలో కూడా ఉంటుందా?

ఉంటుంది, ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. మాట్లాడని ఆడపిల్లను మనం అణకువ గల పిల్ల అంటాం. ఎదురింటి అక్క ఎట్లా నవ్వుతుందో, ఎట్లా కొంగు సర్దుకుంటుందో, పేరంటంలో ఏమంటుందో చూసి చూసి ఆ పిల్ల నేర్చుకుంటుంది. సీరియల్లో మాటలు కంఠతా పట్టి సందర్భానికి వాడుతుంది. బయటికి అంతా బాగుంటుంది. ఇంటికొచ్చాక మాత్రం తల పగిలే నొప్పి, ఎవరితోనూ మాట్లాడలేనంత అలసట. ఇలా దాచుకుని బతకడం దిగులుకూ ఆందోళనకూ దారితీస్తుంది. వాటికి మందులిస్తారు, అసలుది అట్లాగే ఉండిపోతుంది.

పెళ్ళయ్యాక అత్తింట్లో ఇది బయటపడుతుంది. వంటింట్లో డబ్బాల వరస వేరు, పోపు వాసన వేరు, ఎప్పుడూ ఎవరో ఒకరు గదిలోకి వస్తూపోతూ ఉంటారు. నంద్యాల వైపు ఒక కోడలు రోజూ మధ్యాహ్నం బాత్రూంలో అరగంట కూర్చునేది. అత్తగారు ఫోన్ మాట్లాడుతోందని అనుమానపడ్డారు. ఆమె లోపల చేసిందల్లా చీకట్లో కళ్ళు మూసుకోవడం.

ఇది పిచ్చికి మొదటి మెట్టా? ఓసీడీయా? ఉత్త సిగ్గేనా?

వీటి మధ్య తేడా పట్టుకోవడమే డాక్టరు పనిలో కష్టమైన భాగం. స్కిజోఫ్రీనియా సాధారణంగా యుక్తవయసులో మొదలవుతుంది. అంతవరకు కలివిడిగా ఉన్న మనిషి మారిపోతాడు, లేని గొంతులు వింటాడు, ఎవరో తనకు కీడు చేస్తున్నారంటాడు. ఆటిజంలో "మారిపోవడం" ఉండదు, మొదటి నుంచీ అంతే. ఓసీడీ అంటే ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పీడించే జబ్బు. అందులో చేతులు కడిగే మనిషికి ఆ పని బాధ, మానుకోలేక చేస్తాడు. ఆటిజం ఉన్న మనిషికి తన వరసలు, లెక్కలు ఊరట. సిగ్గున్నవాడికి ఏం మాట్లాడాలో తెలుసు, భయంతో మాట్లాడడు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, మాత్రం ఆటిజంతో కలిసి చాలామందిలో ఉంటుంది. 2013కి ముందు ఆ రెండు పేర్లూ కలిపి ఒక మనిషికి రాయడానికే ఆ అమెరికా నిర్ధారణ పుస్తకం నిబంధన ఒప్పుకునేది కాదు.

ఏళ్ళ తరబడి పిచ్చికి మందులు వాడుతూ ఉండి, ఇప్పుడు ఇది ఆటిజమేమో అనిపిస్తే ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయొద్దు. రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు, మందు ఉన్నట్టుండి ఆపితే కూడా ప్రమాదం.

ఎందుకు వస్తుంది? మేనరికం వల్లా? టీకాల వల్లా? మా పెంపకంలో తప్పా?

పెంపకంలో తప్పు కాదు. ఇది ప్రధానంగా జన్యువుల సంగతి. కవలల మీద 1977 నుంచి జరుగుతున్న అధ్యయనాలు అదే చెప్తున్నాయి. ఒక్క జన్యువు కాదు, వందల జన్యువుల కలయిక. అందుకే కొడుకును తీసుకొచ్చిన తండ్రి వివరాలన్నీ చెప్పాక "నేనూ అంతే కదా" అని ఆగిపోవడం మామూలే.

మేనరికాలు మన జిల్లాల్లో ఎక్కువే, కొన్ని వంశపారంపర్య జబ్బుల ముప్పును అవి పెంచుతాయి కూడా. కానీ ఏ చుట్టరికమూ లేని దంపతులకు పుట్టినవాళ్ళలో కూడా ఆటిజం మామూలుగా కనిపిస్తుంది. కాబట్టి ఒక మనిషిని చూపించి "మేనరికం వల్లే" అని అనలేం. టీకాల కథ 1998లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంతో మొదలైంది. అది తప్పులతడక అని తేలి 2010లో పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. దాంతో ఆ వాదన కూలిపోయింది.

ఆన్‌లైన్ పరీక్షలో 34 వచ్చింది. నాకు ఉన్నట్టేనా?

మీరు చేసింది బహుశా 2001లో కేంబ్రిడ్జి పరిశోధకులు తయారుచేసిన 50 ప్రశ్నల పట్టిక. 32 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవడం మంచిదని దాని అర్థం, అంతవరకే. పైగా ఆ ప్రశ్నలు అక్కడి బతుకును చూసి రాసినవి. పార్టీకి పోతారా లైబ్రరీకి పోతారా అని ఒకటి, నాటకానికా మ్యూజియానికా అని ఇంకొకటి. గుత్తిలోనో ఆదోనిలోనో పుట్టి పెరిగిన మనిషి ఆ ప్రశ్నకు ఏం రాయాలి? అంకె కన్నా, ఆ పట్టిక నింపుతున్నప్పుడు మీకు గుర్తొచ్చిన సంఘటనలు ఒక నోటుపుస్తకంలో రాసుకురండి. మాకు అవే పనికొస్తాయి.

నిర్ధారణ ఎక్కడ చేయించుకోవాలి? ఏం తీసుకుపోవాలి?

కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. అక్కడి మానసిక వైద్య విభాగం ఓపీలో మొదలుపెట్టండి. ప్రైవేటుకు పోతే క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, గోడకు సర్టిఫికెట్ వేలాడదీసే ఉంటారు. పెద్దవాళ్ళ ఆటిజంలో అలవాటున్నవాళ్ళు అన్నిచోట్లా ఉండరు. "పెళ్ళయింది, ఉద్యోగముంది, ఆటిజమెట్లా అవుతుంది?" అని పంపేసేవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు అనంతపురం వాళ్ళకు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ విజయవాడ కన్నా దగ్గరే. కర్నూలు వాళ్ళు హైదరాబాదు వైపు చూస్తారు.

రక్తపరీక్ష, స్కాన్ దీన్ని పట్టలేవు. చిన్నప్పటి సంగతులు తెలిసిన మనిషి వెంట ఉండాలి. అమ్మ ఉంటే అమ్మ, లేకపోతే అక్కో మేనత్తో. మాటలు ఎప్పుడు వచ్చాయి, తోటి పిల్లలతో ఎట్లా ఆడాడు, ఏం తినేవాడు కాదు, దేనికి భయపడేవాడు అని అడుగుతారు. పాత ప్రోగ్రెస్ కార్డు ఉంటే తీసుకుపోండి, "తెలివైనవాడు, ఎవరితోనూ కలవడు" అని టీచరు రాసిన ఒక్క వాక్యం ఎంతో చెప్తుంది. ఒక్క పది నిమిషాల ఓపీలో తేల్చి చెప్పేస్తే నమ్మొద్దు, రెండో అభిప్రాయం తీసుకోండి.

దీనికి మందు ఏది?

ఆటిజానికి మందు లేదు. దానితో పాటు వచ్చే నిద్రలేమి, ఆందోళన, దిగులు, మూర్ఛలకు ఉంది, వాడాలి. కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది, కౌన్సెలరు సూటిగా మాట్లాడే మనిషయితే.

మూలకణాల చికిత్సతో నయమవుతుందని లక్షలు అడుగుతున్నారు.

కట్టొద్దు. పనిచేస్తుందన్న రుజువు లేదు. అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదని మన దేశపు మార్గదర్శకాలే చెప్తున్నాయి, పరిశోధనయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. గోధుమలు మాన్పించి, పాలు మాన్పించి నయం చేస్తామనేవాళ్ళదీ అంతే. సంగటి, పెరుగు తప్ప ఏదీ ముట్టని మనిషి దగ్గర పెరుగు కూడా లాగేస్తే ఇంకేం తింటాడు?

దర్గాకు, గుడికి తీసుకుపోతున్నాం. తప్పా?

మొక్కుకోవడం తప్పెలా అవుతుంది? అమ్మకు ధైర్యం వస్తే అదీ ఇంటికి మంచిదే. రెండు షరతులు. నడుస్తున్న మందులు ఆపకూడదు. ఎవరైనా కట్టేయాలి, కొట్టాలి, ఎండలో నిలబెట్టాలి అంటే ఆ నిమిషమే లేచి వచ్చేయాలి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో పాకలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఎక్కడైనా సరే నిషేధించింది.

పెళ్ళి చేస్తే అంతా సర్దుకుంటుందని పెద్దలు అంటున్నారు. చేయమంటారా?

వైద్యంగా అయితే వద్దు. తోడుగా, ఇద్దరికీ తెలిసి, ఇద్దరికీ ఇష్టమై అయితే ఎందుకు వద్దు? ఆటిజం ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని చక్కగా బతుకుతున్నారు. అబద్ధాలాడటం చేతకాని మనిషి, చెప్పిన టైముకు ఇంటికొచ్చే మనిషి, పేకాటకు పోని మనిషి కొందరు భార్యలకు వరంలాగే ఉంటాడు.

చెడేది దాచి చేసినప్పుడు. పెళ్ళిచూపుల్లో "మావోడు తక్కువ మాట్లాడతాడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. అమ్మాయి తరఫు వాళ్ళు దాన్ని బుద్ధిమంతుడని అర్థం చేసుకుంటారు. ఇక పెళ్ళి రోజు సంగతి చూడండి. నలుగు పసుపు ఒంటి మీద ఎండి చర్మాన్ని లాగుతుంటుంది. నుదుట బాసికం దారం బిగుసుకుని ఉంటుంది. నెత్తిన జీలకర్రా బెల్లం జిగురు, కళ్ళలో హోమం పొగ, వీడియో లైటు, చెవి పక్కనే గట్టిమేళం. ఆపైన వరస కట్టి వచ్చి అక్షింతలేసి, చెయ్యి పట్టుకుని ఊపి, భుజం మీద చరిచే బంధుబలగం. ఒక రోజూ రాత్రీ ఇది మోసిన మనిషిని తీసుకుపోయి ముక్కూమొహం తెలియని అమ్మాయి పక్కన కూర్చోబెట్టి, నవ్వుతూ మాట్లాడలేదని నింద వేస్తాం. పెళ్ళి విరిగిన కేసుల్లో ఆ మొదటి వారమే తెగిందని రెండు వైపులా చెప్తుంటారు.

చేసేట్టయితే మొదట అతనికి ఇష్టమేనా అని అడగండి, జవాబుకు వారం టైమివ్వండి. ఆటిజం సంగతి ఆమె తల్లిదండ్రులకు కాదు, అమ్మాయికే, డాక్టరు ఎదుట చెప్పించండి. పెళ్ళికి ముందు ఇద్దరూ చాలాసార్లు మాట్లాడుకోవాలి, ఫోన్లో మెసేజీలయితే ఇంకా మంచిది, రాతలో చాలామంది బాగా విప్పుకుంటారు. తంతు చిన్నగా పెట్టుకోండి. కీలకమైన ఆరోగ్య విషయం దాచి చేసిన పెళ్ళిని మోసమని కోర్టులో సవాలు చేయడానికి 1955 హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ దారి ఇస్తుంది. ఆ దాకా ఎందుకు తెచ్చుకోవాలి?

నా భర్తకు ఆటిజం అని తేలింది. నేను ఏం చేయాలి?

సూచనగా మాట్లాడటం మానేయండి. "పాలు అయిపోయాయి" అంటే ఆయనకు అది వార్త. "ఆరింటికి వచ్చేటప్పుడు అర లీటరు పాల ప్యాకెట్ తీసుకురా" అంటే పని. "నీకు తెలియదా?" అనొద్దు, నిజంగానే తెలియదు. బంధువులు వచ్చే రోజు ముందే చెప్పండి, ఎంతసేపుంటారో కూడా చెప్పండి. ఆఫీసు నుంచి వచ్చాక మొదటి అరగంట వదిలేయండి.

మీ వైపు కూడా చూసుకోండి. మీరు పడిన ఒంటరితనం నిజం, పేరు తెలిసినంత మాత్రాన అది పోదు. మీకూ విడిగా కౌన్సెలింగ్ కావాలి. ఒక విషయం గట్టిగా చెప్తున్నాను: భార్యను కొట్టడం, తిట్టడం, డబ్బు లాక్కోవడం ఆటిజం లక్షణాలు కావు. అది జరుగుతుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

ఉద్యోగంలో చెప్పాలా?

ప్రైవేటులో అయితే ముందు మేనేజరు ఎలాంటివాడో చూసి నిర్ణయించుకోండి. పేరు చెప్పకుండా అవసరం చెప్పి చూడొచ్చు: "పని మెయిల్లో రాసివ్వండి", "నా సీటు తలుపు పక్కన వద్దు". ప్రభుత్వంలో అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం మీ వెనక ఉంది. ఆ చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. తగిన సర్దుబాట్లు అడిగే హక్కు ఉంది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు కలిపి ఇచ్చారు.

సదరం సర్టిఫికెట్ తీసుకోవాలా? ఎట్లా?

సదరం అంటే వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చే సర్టిఫికెట్. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకుని, ఇచ్చిన తేదీన సదరం క్యాంపుకు పోవాలి. ఆటిజాన్ని కొలవడానికి మన దేశంలో ఐసా అనే పట్టిక వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు లెక్క, 70 నుంచి 106 వరకు తక్కువ స్థాయి, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. 40 శాతం వైకల్యం ఉంటేనే చాలా ప్రయోజనాలు. ఏపీలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది.

చిక్కు ఏమిటంటే, ఆ పట్టిక పిల్లల్లో కనబడే లక్షణాలను ఎక్కువగా పట్టుకుంటుంది. దాచుకోవడం నేర్చిన పెద్దవాళ్ళకు మార్కులు తక్కువ పడతాయి. నిర్ధారణ అయినా సర్టిఫికెట్ రాకపోవచ్చు. క్యాంపులో వరస, తోపులాట, ఎండ కూడా లెక్కలో పెట్టుకోండి. టోపీ, చెవిదూది, నీళ్ళు, వెంట ఒక మనిషి ఉండాలి.

పేరు పెట్టుకోవడం వల్ల ఒరిగేదేముంది? ఇన్నాళ్ళూ బతకలేదా?

బతికారు, ఎట్లా బతికారో వాళ్ళనే అడగండి. కొందరికి నిర్ధారణ అక్కర్లేదు, తెలుసుకుని ఊరుకుంటారు, అదీ సరే. నేను చూసినవాళ్ళలో ఎక్కువమంది మొదట అనేది "అయితే నేను చెడ్డవాణ్ణి కాదు" అని.

బతకాలని లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటారు. ఫోన్లో మాట్లాడటం కష్టమైతే ఇంట్లో నమ్మకమున్న మనిషికి ఒక్క మెసేజ్ పెట్టండి, "నాకు బాగాలేదు, నాతో ఆసుపత్రికి రా" అని. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. ముఖంలో బాధ కనబడకపోయినా వాళ్ళు ఈ మాట అంటే తేలిగ్గా తీసుకోవద్దు, నిజమేనని నమ్మండి.

మేము పోయాక వాణ్ణి ఎవరు చూస్తారు?

అమ్మలందరూ చివరికి అడిగేది ఇదే, కొడుకు బయట కూర్చున్నాక. ముందు ఒకటి: ఆటిజం ఉందని ఎవరి ఆస్తి హక్కూ, ఓటూ, సంతకమూ పోవు. తన నిర్ణయాలు తను తీసుకోగలిగిన మనిషికి సంరక్షకుడు అక్కర్లేదు. తీసుకోలేని స్థితి ఉంటే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే, 18 నిండినవాళ్ళకు చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తారు.

వీలునామా రాయండి, రిజిస్టరు చేయించండి. "తమ్ముడు చూసుకుంటాడులే" అని నోటిమాట మీద వదలొద్దు, తమ్ముడి భార్యనూ కూర్చోబెట్టి మాట్లాడండి. ఉంటున్న ఇల్లు మార్చాల్సిన పరిస్థితి రాకుండా చూడండి, కొత్త ఇల్లు వీళ్ళకు అన్నిటికన్నా కష్టం. మీరు ఉండగానే ఒక్కో పని ఆయన చేతికి ఇవ్వండి: ఈ నెల కరెంటు బిల్లు, వచ్చే నెల గ్యాస్ బుకింగ్, ఆ తర్వాత బ్యాంకు. ప్రతి పనికీ మెట్టు మెట్టుగా ఒక కాగితం రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. ఏ డాక్టరు, ఏ మాత్ర, ఏ కూర తినడు, కోపమొస్తే ఏం చేయాలి అన్నది ఇంకో కాగితం మీద రాసి, చూసుకోబోయే మనిషికి ఒక కాపీ ఇప్పుడే ఇవ్వండి.